తెలుగు రాసి ఆన్‌లైన్‌లో సంపాదించాలంటే: మొదటి ఆరు నెలలు ఇలా నడపండి

"అక్కా, నాకు తెలుగు రాయడం బాగా వచ్చు. ఆన్‌లైన్‌లో పని ఎక్కడ దొరుకుతుంది?" నెలకు ఇద్దరు ముగ్గురైనా ఈ మాట అడుగుతారు. డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉన్నవాళ్లు, పాప పుట్టాక ఉద్యోగం మానేసినవాళ్లు, పత్రికల్లో డెస్కు పని చేసి బయటికొచ్చినవాళ్లు. ఇన్నాళ్లూ ఒక్కొక్కరికీ ఫోన్లో చెబుతూ వచ్చిందంతా ఇక్కడ వరసగా పెడుతున్నాను. నేను తెనాలిలో ఇంట్లో కూర్చునే పనిచేస్తాను. ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి అనువాదాలు, యూట్యూబ్ ఛానెళ్లకు స్క్రిప్టులు నా జీవనాధారం.

ముందు ఒక మాట మనసులో పెట్టుకోండి. తెలుగు వచ్చినవాళ్లు కోట్లమంది ఉన్నారు. అవతలివాళ్లు డబ్బులిచ్చి కొనుక్కునేది చదవగానే బుర్రకెక్కే తెలుగుని, చెప్పిన రోజుకి చేతికందే ఫైలుని. కింద చెప్పబోయే మెట్లన్నీ ఈ రెండింటి కోసమే.

ఏ రాత మీది?

"ఏ పనైనా చేస్తానండీ" అని బయల్దేరితే ఏ పనీ రాదు. ఎవరికి ఏం కావాలో వాళ్లు వెతుక్కుంటూ వస్తారు, ఆ వెతుకులాటలో మీరు ఒక పేరుతో దొరకాలి.

తెలుగు రాతకు డబ్బులొచ్చే దారులు నాలుగైదు ఉన్నాయి. అనువాదం మొదటిది. బ్యాంకులు, ఫోన్ యాప్‌లు, ఆసుపత్రులు, ఆన్‌లైన్ దుకాణాలు జనానికి చెప్పాల్సింది తెలుగులో చెప్పుకుంటున్నాయి. ఆ పని ఎక్కువగా, వాళ్ల దగ్గర పని తీసుకుని అనువాదకులకు పంచే ఏజెన్సీల చేతుల మీదుగా మనదాకా వస్తుంది. యూట్యూబ్ స్క్రిప్టులు రెండోది. వంటలు, వ్యవసాయం, చరిత్ర, పొదుపు, ఆరోగ్యం గురించి చెప్పే ఛానెళ్లకు వారానికి రెండు మూడు వీడియోలు పడాల్సిందే, ఛానెల్ నడిపేవాళ్లకు రాసుకునే తీరిక ఉండదు. ఆడియో కథల యాప్‌లకు సీరియళ్లు రాయడం మూడోది, అక్కడ ఎపిసోడ్ లెక్క. సబ్‌టైటిళ్లకు నిమిషాల లెక్క. వెబ్‌సైట్లకు వ్యాసాలు రాసే పని కూడా ఉంది కానీ, తక్కువ డబ్బుకి ఎక్కువ రాయించుకునేది అక్కడే. నన్నడిగితే దాన్ని చివరికి పెట్టుకోండి.

వీటిలో ఒకటి ఎంచుకోవడానికి మీకు బాగా తెలిసిన రంగమేదో చూసుకోండి. మా వీధిలో ఒకమ్మాయి నర్సింగ్ చదివింది. ఆసుపత్రి కాగితాలు అనువాదానికి వస్తే ఉమ్మనీరు, మాయ, పురుడు లాంటి మాటలు ఆమె నోటి చివర ఉంటాయి. నేనైతే ఒక్కోదానికీ వెతుక్కోవాలి. పొలం ఉన్న ఇంట్లో పెరిగినవాళ్లకి నారుమడి, అచ్చు తోలడం, కలుపు, కళ్లం అని వేరే నేర్చుకునే పని లేదు. బ్యాంకులో, ఎల్‌ఐసీలో, బట్టల కొట్లో ఎక్కడ పనిచేసినా అక్కడి మాటలు మీ ఆస్తి. "తెలుగు అనువాదకురాలిని" అని చెప్పుకునేదాని కంటే "ఆసుపత్రి కాగితాలు అనువదిస్తాను" అని చెప్పుకుంటే ఫోన్ తొందరగా మోగుతుంది.

చేతికి కీబోర్డు అలవాటు చేయండి

ప్రెస్సుల్లో, డీటీపీ సెంటర్లలో పనిచేసి వచ్చినవాళ్లు అను ఫాంట్లలో చాలా వేగంగా కొడతారు. ఆ చేతివాటం పుస్తకాల పేజీలకు పనికొస్తుంది కానీ ఆన్‌లైన్ పనికి చాలదు. అను ఫాంట్‌తో కొట్టినది మన కంటికి తెలుగే, లోపల మాత్రం ఇంగ్లిష్ అక్షరాల కోడు ఉంటుంది. ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి. ఆన్‌లైన్లో అందరికీ కావాల్సింది ఏ కంప్యూటర్లో తెరిచినా తెలుగుగానే కనబడే యూనికోడ్ తెలుగు.

యూనికోడ్‌లో టైపు చేయడానికి లేఖిని అనే వెబ్‌సైట్‌లోలాగా ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టే పద్ధతి ఉంది, ఫోన్లో గూగుల్ వాళ్ల జీబోర్డ్ ఉంది, భారతీయ భాషల కోసం చేసిన కీబోర్డు అమరిక ఇన్‌స్క్రిప్ట్ ఉంది. ఈ పనే జీవనాధారం చేసుకోదలిస్తే ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోండి. విండోస్‌లో అది ముందే ఉంటుంది, సెట్టింగ్స్‌లో భాషల దగ్గర తెలుగు చేర్చుకుంటే చాలు. అచ్చులు, గుణింతాలు ఎడమచేతి వైపు, హల్లులు కుడిచేతి వైపు ఉంటాయి. మొదటి వారం వేళ్లు ఎటు పోతున్నాయో తెలియక ఏడుపొస్తుంది. రోజుకో గంట, పేపర్లో ఒక వార్త చూసి కొట్టండి. నెల తిరిగేసరికి చేయి తనంతట తనే వెళుతుంది. మాట్లాడితే టైపు అయ్యే సదుపాయాన్ని నేనూ వాడతాను, అయితే స్క్రిప్టు చిత్తుప్రతి వరకే. అది సంధులు కలిపేస్తుంది, ఒత్తులు మింగేస్తుంది.

ఒత్తులనగానే గుర్తొచ్చింది. పనిని వెనక్కి పంపించేవి పెద్ద తప్పులేం కావు. "విద్యార్థి" అని రాయాల్సిన చోట "విధ్యార్ధి", "ఫలితం" బదులు "పలితం". అర్థం అంటే భావం, అర్ధం అంటే సగం. "మీకు అర్ధమైందా?" అని రాసిన ఫైలు అందుకుని సరిచూసే రివ్యూయర్‌కి ఆ ఒక్క అక్షరంతోనే మీ మీద అనుమానం మొదలవుతుంది. ఇంకోటి, ఎవరూ చెప్పనిది. సాఫ్ట్‌వేర్, రాజ్‌కుమార్ లాంటి మాటల్లో పొల్లు తర్వాత కంటికి కనబడని ఒక గుర్తు పెట్టాలి. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. అది లేకపోతే సాఫ్ట్వేర్, రాజ్కుమార్ అని ఒత్తులుగా అతుక్కుపోతాయి. మీ కీబోర్డులో అది ఏ మీట నొక్కితే వస్తుందో ఈరోజే కనుక్కోండి. మాట మీద అనుమానం వచ్చినప్పుడల్లా ఆంధ్రభారతి వెబ్‌సైట్‌లో నిఘంటువులు వెతకడం అలవాటు చేసుకోండి, అక్కడ చాలా నిఘంటువులు ఒక్క చోటే చూడొచ్చు.

నమూనాలు తయారు చేయండి

అన్నిటికంటే ఎక్కువ సమయం దీని మీద పెట్టండి. అనుభవం లేనివాళ్లకి పని ఎవరిస్తారు అని బెంగపడుతుంటారు. అనుభవం లేకపోయినా నమూనా ఉండొచ్చు. నిజానికి పాత అనుభవం ఉన్నవాళ్లకి కూడా నమూనా చూపించడం కష్టమే, ఏజెన్సీ పనికి గోప్యత ఒప్పందం మీద సంతకం పెడతాం కాబట్టి చేసిన పని బయటపెట్టకూడదు. అందుకని ఎవరి కోసమూ చేయని, మీ సొంత నమూనాలు మూడు ఉండాలి. ఒక్కోటి ఒక పేజీ దాటొద్దు.

అనువాదం నమూనాకి ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. వంటింట్లో కుక్కర్‌తో పాటు వచ్చిన చిన్న పుస్తకం తీయండి. పొయ్యి వెలిగించే ముందు మూత సరిగ్గా ఉందో లేదో చూసుకోమని అందులో ఇంగ్లిష్‌లో ఒక వాక్యం ఉంటుంది. కొత్తవాళ్లు, యంత్రాలు దాన్ని ఇలా రాస్తారు:

"దయచేసి స్టవ్‌ను ఆన్ చేయడానికి ముందు మూత సరిగ్గా మూసివేయబడిందని నిర్ధారించుకోండి."

నేను మొదట్లో ఇలాగే రాసి మా అత్తగారికి చదివి వినిపించాను. ఆవిడ అంతా విని "నిర్ధారించుకోవడమంటే ఇప్పుడు ఏం చెయ్యాలమ్మా?" అని అడిగింది. ముప్ఫయ్యేళ్లుగా కుక్కర్ వాడుతున్న మనిషికి కుక్కర్ గురించి నేను రాసింది అర్థం కాలేదు. మళ్లీ రాశాను:

"మూత సరిగ్గా బిగించాకే స్టవ్ వెలిగించండి."

తొమ్మిది మాటలు అయిదయ్యాయి. "బడింది" పోయింది. కుక్కర్ మూతని మనం మూయం, బిగిస్తాం. స్టవ్ వెలిగిస్తాం. "దయచేసి" అక్కర్లేదు, "వెలిగించండి"లోనే మర్యాద ఉంది. ఇలా పది వాక్యాలు చేస్తే మీ మొదటి నమూనా తయారు. పక్కన ఇంగ్లిష్ మూలం కూడా పెట్టండి, చూసేవాళ్లు పోల్చుకుంటారు.

యాప్‌ల పని మీద కన్నుంటే ఇంకో రకం నమూనా చేయండి. అక్కడ వాక్యంలో పేరు వచ్చే చోట ఖాళీ ఉంటుంది, ఎవరి పేరు వచ్చి పడుతుందో మనకు తెలియదు. ఫలానా వాళ్లకి డబ్బు పంపారు అని రాయాలి. రవి అయితే "రవికి", సీత అయితే "సీతకు". ఇకారం తర్వాత కి, అకారం తర్వాత కు. ఖాళీకి "కు" అని అంటిస్తే రవి ఫోన్లో "రవికు" అని వస్తుంది. దీన్ని తప్పించుకోవాలంటే వాక్యాన్నే తిప్పాలి: "రూ.500 పంపారు. అందుకున్నవారు:" అని రాసి, తర్వాత పేరు వదిలేయాలి. అలాగే ఆ పేరు ఆడో మగో తెలియదు, కాబట్టి వచ్చాడు, వచ్చింది అని రాయలేం, "వచ్చారు" అంటే అందరికీ సరిపోతుంది. ఈ రెండు సంగతులు తెలుసని మీ నమూనాలో కనబడితే ఆ ఏజెన్సీలో తెలుగు చూసే మనిషి వెంటనే గుర్తుపడతారు.

స్క్రిప్టు నమూనాకి మీకు బాగా తెలిసిన ఒక్క విషయం తీసుకోండి. మొదటి నాలుగు వాక్యాలు గట్టిగా చదివి చూడండి, ఊపిరి ఎక్కడ ఆగుతోందో అక్కడ వాక్యం తెగాలి. టైమర్ పెట్టి నిమిషానికి ఎన్ని మాటలు చదువుతున్నారో కొలుచుకుని రాసి పెట్టుకోండి. తర్వాత ఎవరైనా ఎనిమిది నిమిషాల స్క్రిప్టు అడిగితే ఎంత రాయాలో తడుముకోకుండా చెప్పగలుగుతారు.

ఇంకా చేయి తిరగలేదు అనిపిస్తే తెలుగు వికీపీడియాలో కొన్నాళ్లు రాయండి. 2003 డిసెంబరులో మొదలైన ఆ విజ్ఞాన సర్వస్వంలో మీ ఊరి పేజీ ఎలా ఉందో తెరిచి చూడండి, అందులో సరిచేయాల్సినవి కనిపిస్తాయి. అక్కడ పొగడ్తలు నిలవవు, ఆధారం లేని మాట నిలవదు. మీరు చేసిన ప్రతి మార్పూ మీ వాడుకరి పేరు మీద ఆ పేజీ చరిత్రలో ఉండిపోతుంది. అడిగినవాళ్లకి ఆ లింకు పంపొచ్చు.

నమూనాలు గూగుల్ డాక్స్‌లో పెట్టి, లింక్ ఉన్నవాళ్లంతా చూసేలా అనుమతి మార్చండి. ఇది మర్చిపోయేవాళ్లే ఎక్కువ. అవతలి మనిషి నొక్కగానే "అనుమతి అడగండి" అని వస్తే అడగరు, పక్క పేరుకి వెళ్లిపోతారు. వేరే ఫోన్‌ నుంచి ఒకసారి మీరే తెరిచి చూసుకోండి.

ఎక్కడ వెతకాలి, ఏమని రాయాలి

అనువాదకులకు ప్రోజ్ డాట్ కామ్ పాత చోటు, 1999 నుంచీ ఉంది. ఉచితంగా చేరొచ్చు. అందులో బ్లూ బోర్డ్ అని ఒక విభాగం ఉంది. ఏ ఏజెన్సీ డబ్బులు సరిగా ఇస్తుంది, ఏది సతాయిస్తుంది అని అనువాదకులే మార్కులు వేస్తారు. కొత్త ఏజెన్సీ నుంచి మెయిల్ వస్తే నేను ముందు వెళ్లేది అక్కడికే. ఇంటి నుంచి చేసే పనులు దొరికే అప్‌వర్క్ సైటులో తెలుగు పనులు తక్కువే పడతాయి, పోటీ కూడా ఇంగ్లిష్ రాతకు ఉన్నంత ఉండదు. అక్కడ ప్రతిపాదన పంపడానికి కనెక్ట్స్ అనే టోకెన్లు ఖర్చవుతాయి, అయిపోతే డబ్బు పెట్టి కొనాలి, కాబట్టి కనబడిన ప్రతిదానికీ వేయకండి. అలాంటిదే ఇంకో సైటు ఫైవర్ మీ సంపాదనలో 20 శాతం ఉంచుకుంటుంది. ధర పెట్టేటప్పుడే ఆ లెక్క కలుపుకోండి. లింక్డ్‌ఇన్‌లో మీ పేరు కింద "ఇంగ్లిష్ నుంచి తెలుగు అనువాదం" అన్నది ఇంగ్లిష్‌లో రాయండి, ఏజెన్సీలో మనుషుల్ని వెతికేవాళ్లు ఆ మాటలతోనే వెతుకుతారు.

నా అనుభవంలో మాత్రం వేగంగా పని దొరికేది నేరుగా అడిగినప్పుడే. యూట్యూబ్ ఛానెళ్ల పరిచయం పేజీలో చాలామంది మెయిల్ ఇస్తారు. లక్షల మంది చూసే ఛానెళ్లను వదిలేయండి. వారానికోసారి వీడియో పెట్టాలనుకుని మూడు వారాలకోసారి పెడుతున్నవాళ్లను చూడండి, రాసే మనిషి అవసరం వాళ్లకే ఉంది. కొత్తవాళ్లు పంపే ఉత్తరం సాధారణంగా ఇలా ఉంటుంది: "సర్, నాకు రచనలంటే చిన్నప్పటి నుంచి ఇష్టం. ఏ పని ఇచ్చినా కష్టపడి చేస్తాను. ఒక్క అవకాశం ఇవ్వండి." ఇందులో మీ ఇష్టం ఉంది, మీ కష్టం ఉంది, ఆయన ఛానెల్ లేదు. దాని బదులు ఇలా పంపి చూడండి:

"నమస్తే అండి. మిరపలో నల్ల తామర పురుగు మీద మీరు చేసిన వీడియో చూశాను. 2021లో మా నాన్నగారి తోట కూడా దానికే పోయింది. కింద కామెంట్లలో రైతులు జిగురు అట్టలు ఎకరానికి ఎన్ని, ఎంత ఎత్తులో పెట్టాలి అని చాలాసార్లు అడిగారు. దాని మీద ఐదు నిమిషాల వీడియోకి మొదటి నిమిషం స్క్రిప్టు రాసి జతచేశాను. నచ్చితే మిగతాది గురువారానికి ఇస్తాను. పూర్తి స్క్రిప్టుకి ఎంత తీసుకుంటానో కింద రాశాను."

నమస్తే పక్కన పెడితే ఆరు వాక్యాలు. ఆయన వీడియో చూశారని తెలిసింది, విషయం తెలిసిన మనిషని తెలిసింది, రాత ఎలా ఉంటుందో కళ్లముందే ఉంది, రోజు, ధర ఉన్నాయి. ఇలాంటివి వారానికి ఐదు పంపండి. వందమందికి ఒకే మెసేజ్ పంపడం కంటే ఇదే మేలు. జవాబు రాకపోతే పది రోజులకి ఒక్కసారి గుర్తుచేసి ఊరుకోండి.

ఏజెన్సీలు పరీక్ష పెడతాయి. 250, 300 మాటల వరకూ ఉచితంగా చేయడం మామూలే. రెండు వేల మాటల "పరీక్ష" పంపారంటే అది ఎవరిదో నిజమైన పని. మర్యాదగా "మొదటి 300 మాటలు చేసి పంపుతాను" అనండి.

లెక్క ఎటువైపు?

ఇక్కడ నేను దెబ్బతిన్నాను కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను. మొదలుపెట్టిన ఏడాదిలో ఒక ఏజెన్సీ 12,000 మాటల ఇంగ్లిష్ ఫైలు ఇచ్చింది. మాటకి 60 పైసలు అన్నారు. 7,200 వస్తాయని లెక్కేసుకుని పన్నెండు రోజులు కూర్చున్నాను. తీరా డబ్బులు 4,860 వేశారు. అడిగితే "మీ తెలుగు ఫైల్లో 8,100 మాటలే ఉన్నాయి కదా" అన్నారు. వాళ్లు తెలుగు మాటలు లెక్కపెట్టారు. ఏ మాటల లెక్కో నేను ముందు అడగలేదు, మెయిల్లో రాసుకోలేదు. 2,340 రూపాయలు పోయాయి.

తెలుగులో మాటలు తగ్గడం మన భాష తీరు. ఇంగ్లిష్‌లో "ఐ విల్ నాట్ కమ్" నాలుగు మాటలు, తెలుగులో "రాను" ఒక్కటే. "ఇన్ ద హౌస్" మూడు, "ఇంట్లో" ఒకటి. ఎంత మంచి తెలుగు రాస్తే అంత తగ్గుతుంది. తెలుగు మాటలు లెక్కపెడితే, బాగా రాసినందుకు మనకే కోత పడుతుంది, కుక్కర్ వాక్యాన్ని తొమ్మిది మాటల్లో ఉంచేసినవాళ్లకి ఎక్కువ డబ్బులు వస్తాయి. అందుకని మొదటి మెయిల్లోనే రాయండి: "రేటు ఇంగ్లిష్ మూలంలోని మాటల లెక్క ప్రకారం." ఒక్క వాక్యం.

రేటు ఎంత చెప్పాలి? పక్కవాళ్లు ఎంత తీసుకుంటున్నారని అడిగే ముందు మీ ఇంటి లెక్క వేసుకోండి. నెలకి 20,000 కావాలనుకుందాం. నెలలో 15 రోజులు చేతినిండా పని దొరికిందనుకుందాం, మిగతా రోజులు వెతకడానికి, సరిచూడడానికి, పిల్లాడికి జ్వరం వస్తే ఆసుపత్రికి పోతాయి. కొత్తలో రోజుకి 1,500 మాటల ఇంగ్లిష్ మూలం నిదానంగా చేయగలరు. అంటే నెలకి 22,500 మాటలు. 20,000ని దాంతో భాగిస్తే మాటకి దాదాపు 89 పైసలు. ఇది మీ గీత. మొదటి రెండు మూడు పనులకి దీనికంటే కిందికి దిగినా, ఎంత కిందికి దిగుతున్నారో తెలిసి దిగుతారు.

ఇప్పుడు చాలామంది "యంత్రం అనువదించింది, మీరు సరిచూస్తే చాలు" అని సగం రేటు ఇస్తున్నారు. ఒప్పుకునే ముందు ఫైలు తెప్పించుకుని ఒక పేజీ గడియారం పెట్టి సరిచేసి చూడండి. "మూసివేయబడిందని నిర్ధారించుకోండి" లాంటివే వరసగా ఉంటే, కొత్తగా రాయడం కంటే సరిచేయడానికే ఎక్కువ సేపు పడుతుంది. ఆ సంగతి నాలుగు వాక్యాలు చూపించి చెప్పండి, రేటు పెంచమని అడగండి. మీరు సొంతంగా యంత్రం వాడాలనుకుంటే ఒప్పందం చూసుకోండి. ఆసుపత్రి కాగితాలు, బ్యాంకు ఫైళ్లు ఉచిత వెబ్‌సైట్లలో అతికించడం గోప్యతను తెంచినట్టే.

మోసాలు

డబ్బు మనకు రావాలి. మన నుంచి వాళ్లకు పోకూడదు. రిజిస్ట్రేషన్ ఫీజు, సెక్యూరిటీ డిపాజిట్, ట్రైనింగ్ కిట్, ఏ పేరు పెట్టినా సరే, పని ఇవ్వడానికి డబ్బు అడిగారంటే అక్కడితో ఆపేయండి. టెలిగ్రామ్‌లో చిన్న పనులకి మొదట రెండు వందలు వేసి నమ్మించి, తర్వాత వేలు కట్టమనేవాళ్లూ ఉన్నారు. ఇంకో రకం టైపింగ్ పని. పేజీలు టైపు చేయిస్తారు, వారం తర్వాత "తప్పులు ఎక్కువ ఉన్నాయి, ఒప్పందం మీరారు, కోర్టు నోటీసు పంపుతున్నాం, ఇంత కడితే సరిపెడతాం" అని లాయర్ పేరుతో ఫోన్ వస్తుంది. ఇంట్లో చెప్పుకోలేక భయపడి కట్టేస్తారు. కట్టకండి. స్క్రీన్‌షాట్లు దాచుకుని 1930కి ఫోన్ చేయండి, అది సైబర్ నేరాల హెల్ప్‌లైన్. డబ్బు పోయిన వెంటనే చేస్తే దాన్ని మధ్యలోనే ఆపించే అవకాశం ఉంటుంది.

డబ్బు కాగితాలు

పని మొదలుపెట్టే ముందు ఏజెన్సీ నుంచి పని, ధర, గడువు రాసిన పర్చేజ్ ఆర్డర్ అడగండి. ఛానెల్ నడిపే ఆయన ఆర్డర్ ఇవ్వరు కాబట్టి వాట్సాప్‌లోనైనా సరే ఏం పని, ఎంత, ఎప్పటికి, డబ్బులు ఎప్పుడు, ఎన్నిసార్లు మార్పులు అని మీరే రాసి పంపి "సరే" అనిపించుకోండి. మార్పులు రెండుసార్ల వరకూ అని రాయకపోతే ఏడోసారి కూడా మీరే కూర్చోవాలి. కొత్తవాళ్ల దగ్గర సగం ముందు తీసుకోవడం తప్పేం కాదు.

ఇన్‌వాయిస్ మీద నంబరు, తేదీ, పాన్, బ్యాంకు వివరాలు, పని వివరం ఉండాలి. భారత కంపెనీలు ఏడాదిలో మీకిచ్చేది 50,000 రూపాయలు దాటితే వృత్తి ఫీజు కింద సాధారణంగా 10 శాతం టీడీఎస్, అంటే ముందస్తు పన్ను, పట్టుకుంటాయి. ఆ డబ్బు పోలేదు, మీ పాన్ మీద జమై ఉంటుంది. పన్ను అంత పడకపోతే రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. పాన్ ఇవ్వకపోతే కోత 20 శాతం. సేవలకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ గీత మన రెండు రాష్ట్రాల్లోనూ ఏడాదికి 20 లక్షలు, మొదట్లో దాని గురించి బెంగ వద్దు. విదేశాల నుంచి డబ్బు రావడం మొదలయ్యాక మాత్రం ఒకసారి ఆడిటర్ని కలవండి. బయటి దేశాల డబ్బు పేపాల్, వైజ్, పేయోనీర్‌ల ద్వారా వస్తుంది. బ్యాంకు నుంచి వచ్చే విదేశీ చెల్లింపు పత్రాలు ఒక ఫోల్డర్లో దాచుకోండి.

ఇంకో మంచి పని. కేంద్ర ప్రభుత్వం నడిపే ఉద్యమ్ పోర్టల్లో సూక్ష్మ సంస్థగా నమోదు చేసుకోండి. ఆధార్, పాన్ ఉంటే ఇంట్లోంచే అవుతుంది, రూపాయి ఖర్చు లేదు. ఆ నమోదు ఉన్నవాళ్లకి, ఒప్పందంలో ఏం రాసుకున్నా సరే, 45 రోజుల్లోపు డబ్బు ఇవ్వాలని చిన్న సంస్థల కోసం ఉన్న ఎంఎస్ఎంఈ చట్టం చెబుతోంది. దాటితే వడ్డీతో అడగొచ్చు, ఆన్‌లైన్లో ఫిర్యాదు చేయొచ్చు. నేను ఫిర్యాదు దాకా వెళ్లలేదు. ఇన్‌వాయిస్ అడుగున ఉద్యమ్ నంబరు వేయడం మొదలుపెట్టాక "వచ్చే నెల చూద్దాం" అనేవాళ్లు తగ్గారు.

కథలు రాసేవాళ్లు సంతకం పెట్టే ముందు హక్కుల పేజీ రెండుసార్లు చదవండి. ఆడియో హక్కులు మాత్రమే ఇస్తున్నారా, పుస్తకం, సినిమా, వెబ్ సిరీస్ అన్నీ కలిపి ఇచ్చేస్తున్నారా? 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలి. ఎన్నేళ్లకో రాయకపోతే ఐదేళ్లుగా, ఎక్కడికో రాయకపోతే భారతదేశం వరకే అని లెక్క. "శాశ్వతంగా, ప్రపంచమంతటా, అన్ని రూపాల్లో" అని ఉంటే మీ కథ ఇక మీ చేతిలో లేనట్టే. ఆ మాట తీసేయమని అడగండి. అడిగితే తీసేసినవాళ్లను నేను చూశాను.

మొదటి పని వచ్చాక

ఫైలు రాగానే మొదటి పావుగంట టైపు చేయకుండా చివరిదాకా చదవండి. అనుమానాలన్నీ ఒక్క మెయిల్లో అడగండి, ఒక్కోటి ఒక్కో మెసేజ్ పెడితే విసుక్కుంటారు. రాయడం గడువుకి ముందు రోజు సాయంత్రానికి అయిపోవాలి. పొద్దున లేచి, మూలం చూడకుండా తెలుగు మాత్రమే చదివితే ఎక్కడ నాలుక తడబడుతోందో తెలుస్తుంది. కరెంటు పోతుంది, నెట్ పోతుంది, కాబట్టి ఫోన్ హాట్‌స్పాట్‌తో ఫైలు పంపడం ఒకసారి అలవాటు చేసి పెట్టుకోండి. గడువు తప్పేలా ఉంటే ఆ క్షణం కాకుండా ముందురోజే చెప్పండి.

ప్రతి క్లయింటుకీ ఒక షీటు తెరవండి. ఎడమ గడిలో ఇంగ్లిష్ మాట, కుడి గడిలో వాళ్లకు నచ్చిన తెలుగు. నా దగ్గర ఒక బ్యాంకు పనిలో "ఖాతా" అనే రాయాలి, ఇంకో యాప్‌కి "అకౌంట్" అనే కావాలి. మూడో చోట "లెక్క" అన్నారు, ఎందుకంటే వాళ్ల యాప్ వాడేది కూరగాయల బండ్లవాళ్లు. ఆరు నెలల తర్వాత అదే క్లయింటు మళ్లీ పని పంపినప్పుడు ఆ షీటు తెరిచి అవే మాటలు వాడితే, కొత్త మనిషిని వెతుక్కోవాలన్న ఆలోచన వాళ్లకు రాదు. నా దగ్గర అలాంటి షీట్లు ఇప్పుడు పందొమ్మిది ఉన్నాయి. మొదటిదాంట్లో కుడి గడిలో ఉన్న మొదటి మాట "మూత".